వరి కోశాక నూనెగింజ ఏది వేద్దాం? ఆవాలు, నువ్వులు, పొద్దుతిరుగుడు: గుంటూరు, కృష్ణా రైతులకు ఒక పోలిక

మా అన్నయ్య కొడుకు కెనడాలో, సస్కాచెవాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటి జులైలో వాట్సాప్‌లో ఒక వీడియో పంపించాడు. కారు పోతూ ఉంటే రోడ్డుకి రెండు పక్కలా కనుచూపు మేర పసుపు రంగే. మధ్యలో ఒక గట్టు లేదు, ఒక తాటిచెట్టు లేదు. ఆ వెంటనే ఫోన్ చేశాడు.

"బాబాయ్, ఇది కనోలా. మన ఆవాల జాతేనంట. ఇక్కడ మే నెలలో విత్తి సెప్టెంబరుకల్లా కోసేస్తారు. మన మూడెకరాల్లో వరి కోశాక ఇదెందుకు వేయకూడదు?"

వాడు అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. నూనె డబ్బా ధర పెరిగిన ప్రతిసారీ మా చుట్టుపక్కల కూడా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయట నుంచే వస్తోంది. అంత కొరత ఉన్నప్పుడు నూనెగింజ పండించినవాడికి నష్టమెలా వస్తుంది అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. మాది తెనాలి దగ్గర మాగాణి, మా మామగారి ఊరు సత్తెనపల్లి వైపు నల్లరేగడి మెట్ట. రెండు చోట్లా ఆవాలు వేసి చూశాను. నువ్వులు పదేళ్లుగా వేస్తున్నాను. పొద్దుతిరుగుడు రెండుసార్లు వేశాను.

ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను. నూనె ధర చూసి పంట ఎంచుకోవద్దు. మీ పొలం ఏ తారీఖుకి ఖాళీ అవుతుంది, ఆ తర్వాత ఎన్ని తడులు ఇవ్వగలరు, గింజ ఎవరు కొంటారు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. పంట ఏదో ఆ కాగితమే చెబుతుంది.

కనోలా దాని సొంత గడ్డ మీద

ముందు మావాడి వీడియో సంగతి. రేప్‌సీడ్ అనే పాత నూనెగింజ నుంచి 1970లలో కెనడా శాస్త్రవేత్తలు తెచ్చిన రకాలే కనోలా. పాత రేప్‌సీడ్ నూనెలో ఒంటికి మంచిది కాదనే ఎరుసిక్ ఆమ్లం ఎక్కువ, నూనె తీశాక మిగిలే చెక్కలో పశువులకు పడని ఘాటు ఎక్కువ. బాల్డర్ స్టెఫాన్సన్, కీత్ డౌనీ అనే ఇద్దరు ఆ రెండూ తగ్గించిన రకాల కోసం ఏళ్ల తరబడి పనిచేశారు.

రేప్‌సీడ్‌లో రెండు తరహాలున్నాయి. శీతాకాలపు రకాన్ని యూరప్‌లో ఆగస్టు, సెప్టెంబరుల్లో విత్తి మరుసటి జులైలో కోస్తారు. చలి తగలందే దానికి పూత రాదు. వసంత రకానికి ఆ చలి అక్కర్లేదు. బ్రిటన్‌లో మార్చి, ఏప్రిల్‌లో విత్తితే ఆగస్టు చివరికో సెప్టెంబరుకో కోతకొస్తుంది. కెనడా మైదానాల చలికి మొదటి రకం బతకదు కాబట్టి అక్కడ దాదాపు అంతా వసంత రకమే.

నాలుగు నెలల పంట అంటే తేలిక అనుకుంటాం. అక్కడి రైతులకు అది తేలిక కాదు. మొలక బయటికొచ్చిన మొదటి రెండు మూడు వారాలే వాళ్లకు గండం. రెండు మూడు మిల్లీమీటర్లే ఉండి, తాకితే గెంతే నల్ల పురుగు ఒకటి ఉంది. అది మొలక ఆకులకు చిల్లులు పెట్టేస్తుంది. నేలలో పదును తక్కువై మొలక నెమ్మదిగా పెరిగిందంటే చేను చేనంతా మళ్లీ విత్తాల్సిందే. యూరప్‌లో ఇదివరకు దీనికి విత్తనానికే నియోనికోటినాయిడ్ అనే పురుగుమందు పట్టించేవారు. తేనెటీగలకు హాని అని యూరోపియన్ యూనియన్ 2013లో వాటిని కట్టడి చేసి, 2018లో ఆరుబయట పంటల్లో పూర్తిగా ఆపేసింది. యూరప్‌లో ఆ తర్వాత మొగ్గ దశలో పుప్పొడి పురుగు కూడా. శీతాకాలపు పంట ఆ పురుగు ఉధృతికి ముందే పూతలోకి వెళ్లిపోతుంది. వసంత పంట మాత్రం పచ్చి మొగ్గ మీద ఉన్నప్పుడే దానికి దొరుకుతుంది. ఇన్ని దాటాక దిగుబడి హెక్టారుకు రెండు టన్నుల దగ్గరే ఆగుతుంది. శీతాకాలపు రకం అయితే మూడు దాటుతుంది.

అమ్మకంలోనూ ఇబ్బందే. 2025 మార్చిలో చైనా కెనడా కనోలా నూనె మీద, చెక్క మీద 100 శాతం సుంకం వేసింది. అంత పెద్ద దేశపు రైతు కూడా ఒక కొనుగోలుదారు మీద ఆధారపడితే ఏమవుతుందో మావాడికి అదే చెప్పాను.

ఇక ఆ పంట మన దగ్గరికి ఎందుకు రాదంటే, సస్కాచెవాన్‌లో జులై పూత సమయానికి పగలు 25 డిగ్రీల చుట్టూ ఉండి రాత్రికి బాగా చల్లబడుతుంది. పగటి వెలుతురు పదహారు గంటలు. గుంటూరులో ఏడాది మొత్తంలో చల్లనిది జనవరి. ఆ జనవరిలోనే మధ్యాహ్నం 30 డిగ్రీలు తాకుతుంది, పగలు పదకొండు గంటల పైచిలుకు. అంటే మన సంక్రాంతి మధ్యాహ్నం వాళ్ల ఎండాకాలం కంటే వేడి. 30 దాటితే ఈ జాతి పూత నిలవదు. అందుకే కనోలా విత్తనం ఎవరైనా అమ్ముతామన్నా కొనకండి. ఈ కుటుంబంలో మనం కనీసం ఆలోచించదగ్గది ఆవాలు ఒక్కటే.

ఆవాలు: మాగాణిలో నా అనుభవం

దేశపు ఆవాల్లో దాదాపు సగం రాజస్థాన్‌వే. ఈ పంట పరిశోధన సంస్థ ఉన్నదీ అక్కడి భరత్‌పూర్‌లోనే. అక్కడ అక్టోబరులో విత్తుతారు. పూతా కాయా డిసెంబరు, జనవరి చలిలో నడుస్తాయి. ఎండ ముదిరేలోపు కోత.

మా మాగాణిలో అక్టోబరుకి వరి ఇంకా పాలు పోసుకుంటూ ఉంటుంది. సాంబ మసూరి లాంటి ఐదు నెలల రకం జులై, ఆగస్టుల్లో నాటితే కోత డిసెంబరు. నేను డిసెంబరు మూడో వారంలో అరెకరంలో ఆవాలు చల్లాను. దుక్కి సరిగ్గా రాలేదు, పెళ్ల మిగిలింది. ఆవగింజ రెండు మూడు సెంటీమీటర్ల కంటే లోతుకు పడితే పైకి రాలేదు. పెళ్లల సందుల్లో పడ్డవి పోయాయి, పైన పడ్డవి ఎండిపోయాయి. అక్కడో గుంపు ఇక్కడో గుంపుగా మొలిచింది.

అయినా జనవరి చివర్లో పూసింది. మోకాలెత్తు మొక్కలే, కానీ పూత చూస్తే మనసు నిండిపోయింది. దారినపోయే వాళ్లు బండ్లు ఆపి ఫొటోలు తీసుకున్నారు. ఆ వారం మూడు రోజులు మబ్బు పట్టింది. నాలుగో రోజు పొద్దున వెళ్తే పూతకొనలు బూడిద చల్లినట్టున్నాయి. దగ్గరికెళ్లి చూశాను. బూడిద కాదు, పేనుబంక. ఆకుపచ్చలో బూడిదరంగు కలిసిన చిన్న పురుగులు, ఒకదాన్నొకటి ఆనుకుని, కొన నుంచి జానెడు కిందికి కాడ కనపడకుండా పట్టేశాయి. కాడ పట్టుకుంటే వేళ్లకు జిగురంటింది. చీమలు బారులు కట్టాయి. పేనును తినే అక్షింతల పురుగులు వచ్చాయి గానీ అప్పటికే ఆలస్యమైంది. కొన పది సెంటీమీటర్లలో పాతికకు పైగా పేను కనిపిస్తే మందు వేయాల్సిన దశ వచ్చినట్టే. నేను చూసేటప్పటికి లెక్కపెట్టే పరిస్థితి దాటిపోయింది.

మందు సాయంత్రం పూట కొట్టాను, పగలు తేనెటీగలు తిరుగుతాయి కాబట్టి. పేను తగ్గింది. ఫిబ్రవరి ఎండ తగ్గలేదు. కోత ముందు ఒక కొమ్మ తీసుకుని కింద నుంచి పైకి ఒక్కో కాయా వేళ్లతో నొక్కుతూ వెళ్లాను. కింద కాయల్లో గింజ తగిలింది. సగం దాటాక కాయ ఉంది, లోపల ఏమీ లేదు. ఆ వట్టి కాయలు చూసినప్పుడు పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది. అరెకరానికి ఎనభై కిలోలు కూడా రాలేదు. సరుకు తీసుకెళ్తే కొనేవాడు గింజ సన్నంగా ఉందనీ, తాలు ఉందనీ ధర కోశాడు. రాజస్థాన్ ఆవాలు శుభ్రం చేసి సంచుల్లో వస్తున్నప్పుడు నా సంచి ఎందుకు కొనాలి అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

మనం ఆవాలు పోపులో వాడతాం, ఆవకాయకు పిండి కొడతాం, పనసపొట్టు కూరకు ఆవ పెడతాం. ఆవనూనె మాత్రం మన ఇళ్లలో వాడకం లేదు. అందుకే మా చుట్టుపక్కల ఆవాలు ఆడే మిల్లు కనపడదు. సరుకు దినుసుల కొట్టుకే వెళ్లాలి, అక్కడ గింజ సైజు, రంగు చూసే ధర కడతారు. ఆవాలకు 2026-27 రబీ మార్కెటింగ్ సీజనుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 6,200 రూపాయలు. కొనుగోలు కేంద్రం మీ జిల్లాలో తెరిస్తేనే ఆ అంకెకు విలువ. తెరుస్తారో లేదో ముందే కనుక్కోండి.

ఇంకో జాగ్రత్త, ఇది ప్రాణాలకు సంబంధించింది. మన గట్ల మీద పచ్చపూలు పూసే ముళ్ల మొక్క బ్రహ్మదండి ఉంటుంది. దాని గింజ అచ్చం ఆవగింజలా ఉంటుంది. ఆ గింజ కలిసిన నూనె తింటే ఒళ్లు వాచి గుండె దెబ్బతింటుంది. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఇది కలిసి చాలామంది చనిపోయారు. ఇంటి వాడకానికే పండించినా సరే, బ్రహ్మదండి మొక్కలు పూతకు ముందే పీకేయాలి.

ఆవాలు ఎవరు వేయొచ్చు

సత్తెనపల్లి వైపు మెట్టలో కథ కొంచెం వేరు. అక్కడ వానాకాలం పెసర తీసేశాక అక్టోబరు మూడో వారంలో గొర్రుతో విత్తాను. నాలుగో రోజున పెద్ద వాన పడి నేల పైన పెచ్చు కట్టింది. మొలక ఆ పెచ్చును చీల్చుకు రాలేకపోయింది. మళ్లీ విత్తాను. రెండోసారి మొలక బాగుంది, జనవరిలో చలి దొరికింది, ఎకరానికి మూడు క్వింటాళ్లు పడింది. గొప్ప దిగుబడి కాదు. నీళ్లున్న రాజస్థాన్ రైతు అంతకు రెట్టింపు తీస్తాడు. కానీ వట్టి కాయలు లేవు. తేడా అంతా విత్తిన తారీఖులోనే ఉంది.

కాబట్టి అక్టోబరులో ఖాళీగా ఉండే రేగడి మెట్ట ఉంటే, పావు ఎకరంలో వేసి చూడొచ్చు. ఎకరానికి రెండు కిలోల విత్తనం చాలు, ఇసుక కలిపి విత్తాలి. ఎరువులో గంధకం మరిచిపోవద్దు. డీఏపీలో గంధకం లేదు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో ఉంది. ఆవాల ఘాటంతా గంధకం నుంచే, నూనె శాతానికీ అదే ఆధారం. పొగాకు పండించిన నేల అయితే మల్లె కలుపు గుర్తుంచుకోండి. దానికి చుట్టమైన మరో జాతి రాజస్థాన్ ఆవ చేలను వేరు పట్టుకుని పీలుస్తోంది.

ఆవాలకు మిగతా పంటల కంటే నిజంగా మెరుగైన గుణం ఒకటుంది. చౌడును కొంత తట్టుకుంటుంది. కర్నాల్‌లోని చౌడు నేలల పరిశోధన సంస్థ సీఎస్ 52, సీఎస్ 54, సీఎస్ 56 లాంటి రకాలను అందుకే విడుదల చేసింది. రేపల్లె, నిజాంపట్నం వైపు ఉప్పు నేలల్లో మినుము పసుపెక్కి చస్తుంది, నువ్వు అసలు లేవదు. అలాంటి నేల నవంబరు మొదటి వారానికి ఖాళీ అయితే ఆవాలను పరీక్షించమని నేనే చెబుతాను. క్యాబేజీ వేసేవాళ్లకు ఇంకో ఉపయోగం ఉంది. పాతిక సాళ్ల క్యాబేజీకి రెండు సాళ్ల ఆవాలు వేస్తే క్యాబేజీని తినే డైమండ్ రెక్కల పురుగు ముందు ఆవాల మీదే గుడ్లు పెడుతుంది.

డెల్టా మాగాణిలో డిసెంబరులో మాత్రం ఆవాలు వేయకండి. దీనికి మినహాయింపు నాకు కనపడలేదు.

నువ్వులు

మాగాణి రైతుకు నూనెగింజ కావాలంటే నా ఓటు నువ్వులకే. కారణం ఒక్కటే, దానికి వేడి ఇష్టం. జనవరి రెండో పక్షం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా విత్తొచ్చు. వరి కోత ఆలస్యమైనా తొందర ఉండదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మా వైపు పనల మీదున్న వరి నీళ్లలో తేలింది, పొలం ఆరడానికి వారాలు పట్టింది. మినుము చల్లాల్సిన అదను దాటిపోయింది. ఆ ఏడాది మాకు మిగిలిన దారి నువ్వులే.

పంటకాలం 75 నుంచి 85 రోజులు. ఎలమంచిలి పరిశోధన స్థానం నుంచి వచ్చిన గౌతమ, శారద రకాలు మన జిల్లాల్లో బాగా తెలిసినవి. ఎకరానికి రెండు నుంచి రెండున్నర కిలోల విత్తనం, మూడింతల ఇసుకతో కలిపి. పదిహేను రోజులకు ఒత్తు మొక్కలు పీకేయాలి. ఈ పని చాలామంది బద్ధకిస్తారు. ఒత్తుగా వదిలిన నువ్వు చేను పైకి సాగుతుంది, కొమ్మ వేయదు, కాయ పట్టదు. కూలి ఖర్చు ఎక్కువైనా ఇది మాత్రం చేయించండి.

నీళ్లు విత్తినప్పుడు ఒక తడి, పూతకు ఒకటి, కాయ కట్టేటప్పుడు ఒకటి. అంతకు మించి ఇస్తేనే ముప్పు. నువ్వు మొక్క నీరు నిలిస్తే ఒక్క రోజు కూడా ఓర్చుకోదు. మడిలో పల్లంగా ఉన్న మూల ముందు వాడుతుంది, ఆ మూలను విత్తే ముందే చదును చేసుకోవాలి. వరి మడులు నీరు నిలబెట్టడానికి కట్టినవి. నువ్వులకు వాటినే నీరు బయటికి పోయేలా మార్చాలి. మడి చుట్టూ ఒక కాలువ తీస్తే సరిపోతుంది.

తెగుళ్లలో నన్ను ఎక్కువ భయపెట్టేది వెర్రి తెగులు. పువ్వు రావాల్సిన చోట చిన్న చిన్న ఆకులు కుచ్చులా వస్తాయి. కాయ అనేది ఉండదు. దీపపు పురుగులు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోస్తాయి. కనిపించిన మొక్కను ఆ రోజే పీకి తగలబెట్టాలి, రేపటికి వదలొద్దు. ఆకులను గూడుగా అల్లి, తర్వాత కాయను తొలిచే పురుగు ఇంకొకటి ఉంది. నెల రోజుల వయసులో చేలో వంగి చూస్తే గూళ్లు తెలుస్తాయి.

కోతలో ఒక్క రోజు తేడా కూడా సంచుల్లో కనిపిస్తుంది. కింది కాయలు ముప్పాతిక భాగం పసుపెక్కగానే, పైన ఇంకా పచ్చగా ఉన్నా కోసేయాలి. కింది కాయ నోరు తెరిచిందంటే గింజ నేలపాలే. మా ఇంట్లో కోత తెల్లవారుజామున మంచులో మొదలై ఎనిమిదికి ఆగిపోతుంది. కట్టలు కట్టి కుప్ప వేస్తాం, ఆకు రాలాక టార్పాలిన్ మీద నిలబెట్టి ఎండబెడతాం. తర్వాత ఒక్కో కట్టా తలకిందులు చేసి కర్రతో రెండు తట్లు తడితే గింజ సన్నవానలా జలజలా రాలుతుంది. ఆ చప్పుడు కోసం మా అమ్మ ఇప్పటికీ కళ్లం దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. ఏప్రిల్, మే అకాల వాన ఈ కట్టల మీద పడితే గింజ నల్లబడి ధర పడిపోతుంది. నువ్వుల్లో పెద్ద రిస్క్ అదే. టార్పాలిన్లు అద్దెకు దొరుకుతాయిలే అని ఊరుకోకుండా ముందే తెచ్చి పెట్టుకోండి.

మామూలుగా ఎకరానికి మూడు నుంచి నాలుగు క్వింటాళ్లు. 2025-26 మద్దతు ధర 9,846 రూపాయలు, ఆ లెక్కన మూడున్నర క్వింటాళ్లకు 34 వేలు పైన. కొనేవాడి కోసం వెతుక్కునే పని కూడా తక్కువ. గింజలో దాదాపు సగం నూనె. గానుగ నూనెకు గుంటూరు, విజయవాడల్లో గిరాకీ బాగానే ఉంది, ఆవకాయకు ఈ నూనే కావాలనే ఇళ్లు ఎన్నో. నూనె తీశాక వచ్చే తెలగపిండి కూడా పారేసేది కాదు, గేదెలకు పెట్టొచ్చు, మునగాకుతో మనమూ వండుకుంటాం. పల్లెలో పది కిలోల చొప్పున నేరుగా ఇళ్లకే అమ్ముకునే వీలు ఈ గింజకే ఉంది.

పొద్దుతిరుగుడు

అంకెల మీద చూస్తే ఇదే ముందుంటుంది. మంచి హైబ్రిడ్‌కు, సమయానికి నీళ్లిస్తే ఎకరానికి ఆరు నుంచి ఎనిమిది క్వింటాళ్లు. 2025-26 మద్దతు ధర 7,721. ఏడు క్వింటాళ్లకు 54 వేలు. చలి అడగదు, డిసెంబరు, జనవరిల్లో విత్తినా వస్తుంది, తొంభై రోజుల పంట.

కానీ దీనికి నీళ్లు తప్పకూడదు. మొగ్గ, పూత, గింజ పాలు పోసుకునే దశ, ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా పువ్వు మధ్యలో గింజ తాలవుతుంది. కాలువ ఎప్పుడు కట్టేస్తారో తెలియని చోట బోరు లేకుండా దీన్ని వేయొద్దు. పువ్వు పసుపు రేకులు విచ్చుకునే దశలో లీటరుకు రెండు గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారీ చేస్తే గింజ కట్టడం మెరుగవుతుంది. తేనెటీగలు తక్కువైతే పొద్దున ఎనిమిది, పదకొండు మధ్య మెత్తని గుడ్డ చేతికి చుట్టుకుని పువ్వుల మీద రుద్దాలి. గట్ల మీద వయ్యారిభామ ఉంటే నెక్రోసిస్ వైరస్ అక్కడి నుంచే తామర పురుగుల ద్వారా వస్తుంది.

ఆ తర్వాత చిలకలు. ఊళ్లో మీరొక్కరే పొద్దుతిరుగుడు వేస్తే ఊరి చిలకలన్నీ మీ చేలోనే ఉంటాయి. మొదటిసారి నాకు జరిగింది అదే. పొద్దున ఆరింటికి, సాయంత్రం నాలుగింటికి మనిషి కాపలా లేకపోతే పువ్వు అంచు నుంచి గింజ ఒలుచుకుంటూ వస్తాయి. రిబ్బన్లు కట్టాను, వారం భయపడ్డాయి, తర్వాత అలవాటు పడ్డాయి. రెండోసారి పక్క రైతులు ముగ్గురితో కలిసి ఎనిమిదెకరాలు ఒకే చోట వేశాం, నష్టం అందరికీ పంచుకున్నట్టయింది, కాపలా కూలి కూడా.

ధర మన చేతిలో లేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే నూనె ధర ఎగిరింది. మరుసటి ఏడాది పడిపోయింది, 2023 జూన్‌లో హరియాణాలోని కురుక్షేత్రలో పొద్దుతిరుగుడు రైతులు మద్దతు ధర కోసం జాతీయ రహదారి మీద కూర్చున్నారు. కేంద్రం ముడి వంటనూనెల మీద మూల దిగుమతి సుంకాన్ని 2024 సెప్టెంబరులో సున్నా నుంచి 20 శాతానికి పెంచింది, 2025 మే చివర్లో 10కి తగ్గించింది. మీరు విత్తినప్పటి ధర కోతనాటికి ఉంటుందనుకోవద్దు.

మిగిలినవి

వేరుశనగకు బాపట్ల, చీరాల ఇసుక నేలలు సరైనవి, బంక మాగాణి కాదు. ఊడలు దిగవు, పీకేటప్పుడు కాయ నేలలోనే ఉండిపోతుంది. విత్తనానికే పెట్టుబడిలో పెద్ద వాటా పోతుంది. కుసుమ పల్నాడు మెట్టలో నీళ్లు లేని రైతుకు మంచిదే, ముళ్ల వల్ల పశువులు, పందులు జోలికి రావు, అదే ముళ్ల వల్ల కోతకు కూలీలు కూడా రారు.

మినుము నూనెగింజ కాదు, అయినా చెప్పకపోతే అన్యాయం. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చేలోనే చల్లేస్తారు, దుక్కి ఖర్చు లేదు, తడి ఖర్చు లేదు, 2025-26 మద్దతు ధర 7,800. పల్లాకు తెగులు, బంగారు తీగ ఏటా ఉండే బాధలే. నవంబరు చివరికల్లా వరి కోసి, బోరు లేనివాళ్లు నూనెగింజల ఆలోచన పక్కన పెట్టి మినుము చల్లుకుంటేనే నయం.

నిర్ణయం తీసుకునే ముందు

కోత డిసెంబరు రెండో వారం దాటుతోంది, కాలువలో ఫిబ్రవరి, మార్చి దాకా నీళ్లు వస్తాయి, బోరు లేదు అంటే నువ్వులు. బోరు ఉంది, చుట్టూ మరో నలుగురు కలిసి వస్తారు అంటే పొద్దుతిరుగుడు. మెట్ట రేగడి అక్టోబరుకి ఖాళీ అంటే పావు ఎకరంలో ఆవాలు, మిగతాది మీకు అలవాటైన పంట. కౌలు పొలమైతే కొత్త పంట ప్రయోగం పెట్టుకోవద్దు. కౌలు డబ్బు ముందే కట్టేసి ఉంటారు, పంట పోతే ఆ అప్పు మీ నెత్తిన ఉంటుంది, ఆ టెన్షన్‌తో ఇల్లు నడవదు.

ఏ పంట వేసినా రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్ నమోదు చేయించండి. పొలంలో నువ్వులు ఉండి పుస్తకంలో మినుము అని ఉంటే కొనుగోలు కేంద్రంలో సరుకు తీసుకోరు. మీ మండలంలో ఆ పంట బీమాకు నోటిఫై అయిందో లేదో కూడా అక్కడే అడగండి. గుంటూరు దగ్గరి లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలను అడగాలనుకుంటే విత్తిన తర్వాత కాదు, ముందు వెళ్లండి. మీ మట్టి ఒక కిలో సంచిలో వేసుకుని వెళ్లండి.

విత్తనం కొన్న రోజే పరీక్ష చేయండి. సంచిలోంచి వంద గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి, గిన్నెలో పెట్టి, పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించండి. ఐదో రోజు విప్పి మొలకలు లెక్కపెట్టండి. నువ్వులకు 80, ఆవాలకు 85, పొద్దుతిరుగుడు హైబ్రిడ్‌కు 70 రావాలి. తక్కువొస్తే ఆ గుడ్డను, బిల్లును తీసుకుని అదే రోజు కొట్టుకి వెళ్లండి. మావాడికి కూడా ఇదే చెప్పాను. ఈ సంక్రాంతికి వస్తున్నాడు, వాడు వచ్చేసరికి నువ్వుల విత్తనం గుడ్డలో కట్టి ఉంటుంది, లెక్కపెట్టే పని వాడిదే.